సర్టిఫికెట్టు కాదు, చట్టం చదివే చదువు కావాలి

(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల దళితవాడల నుంచి వచ్చిన తల్లిదండ్రులు, హైస్కూలు, ఇంటరు విద్యార్థులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో నన్ను మాట్లాడమన్న విషయం మన సభలకు కొత్తది. భూమి గురించి మాట్లాడుకున్నాం. కూలి గురించి, శ్మశానం దారి గురించి, హాస్టలు తిండి గురించి మాట్లాడుకున్నాం. ఈ రోజు విషయం ఏందంటే, హైస్కూలు పిలకాయలకు ‘ఆన్‌లైన్ లీగల్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్’ ఇప్పిస్తాం అని ఫోన్లలో వస్తున్న ప్రకటనలు. తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు ఇంట్లోనే కూచోని, ఫోనులోనే పని నేర్చుకుని, నెల తిరిగేసరికి సర్టిఫికెట్టు పట్టుకోవచ్చునంట. దానికి కొంత డబ్బు కట్టాలంట. ‘మా పాప ప్లీడరు అవుతానంటా ఉంది, ఇది కట్టమంటారా సార్?’ అని అడిగిన తల్లులు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ళకు సూటిగా జవాబు చెప్పాలి.

ముందు ఆ మాటల అర్థం విప్పుకుందాం. ఇంటర్న్‌షిప్ అంటే పని తెలిసినవాళ్ళ దగ్గర కొంతకాలం కూచోని పని నేర్చుకోవటం. మేస్త్రి దగ్గర చెయ్యి తిప్పుకోవటం లాంటిదే. లీగల్ రీసెర్చ్ అంటే ఒక తగాదాకు ఏ చట్టం వర్తిస్తుంది, ఆ చట్టాన్ని కోర్టులు ఇంతకు ముందు ఎట్టా అర్థం చేసుకున్నాయి అని వెతికి పట్టుకోవటం. పని మంచిదే. కానీ ఆ సర్టిఫికెట్టు సంగతి వేరు.

మన దేశంలో వకీలు కావాలంటే లా కాలేజీలో చదవాలి. చదివేటప్పుడు విద్యార్థి ఇంటర్న్‌షిప్ చెయ్యాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి నిబంధనల్లో పెట్టింది. మూడేళ్ళ కోర్సు వాళ్ళు కనీసం 12 వారాలు, అయిదేళ్ళ కోర్సు వాళ్ళు కనీసం 20 వారాలు. అది లా కాలేజీలో పేరున్న విద్యార్థికి. పదో తరగతిలో చేసిన ఇంటర్న్‌షిప్ ఆ లెక్కలోకి రాదు. పోనీ లా కాలేజీలో సీటు రావటానికి పనికొస్తుందా? మన రాష్ట్రంలో లాసెట్, జాతీయ లా యూనివర్సిటీలకు క్లాట్. రెండూ పరీక్షలే. మార్కులు, ర్యాంకు, రిజర్వేషను చూస్తారు. నీ దగ్గర ఎన్ని రంగుల సర్టిఫికెట్లు ఉన్నాయని అడగరు.

మరి ఈ సర్టిఫికెట్లు ఎవరికి పనికొస్తాయి? అమెరికా కాలేజీల్లో చేరే పిల్లలకు మార్కులతోపాటు బడి బయట ఏమేం చేశారో కూడా చూస్తారు. పట్నాల్లో లక్షల ఫీజులు కట్టే బడుల పిల్లలు అందుకోసం వీటిని పోగేసుకుంటారు. వాళ్ళ అవసరం వాళ్ళది. మెట్ట ప్రాంతంలో కూలికి పోయే తల్లి, చెవికమ్మలు తాకట్టు పెట్టి ఆ కాగితం కొనాల్సిన పని లేదు. కట్టవద్దు. నా జవాబు అదే.

ఇక్కడితో ఆపితే ఈ సభ పెట్టాల్సిన అవసరం లేదు. సర్టిఫికెట్టు వద్దన్నాను గానీ పని వద్దనలేదు. ఆ పని మనకున్నంత అవసరం పట్నం పిల్లలకు లేదు. ఎవరికో దరఖాస్తులో ఒక లైను పెరగటానికి పనికొచ్చే విద్య, మన వాడలో ఒక కేసు నిలబడటానికీ కూలిపోవటానికీ మధ్య ఉండే విద్య. దాన్ని ఎవరికీ డబ్బు కట్టకుండా మన పిలకాయలకు మనమే నేర్పుకోవచ్చునా అన్నదే ఈ రోజు ప్రశ్న.

బాబాసాహెబ్ ఏం చేశాడో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు ముట్టుకున్న సంగతి మనందరం పాటల్లో పాడుకుంటాం. తర్వాత జరిగింది తక్కువగా చెప్పుకుంటాం. అదే ఏడాది డిసెంబరులో సవర్ణులు కోర్టుకు పోయారు. ఈ చెరువును అంటరానివాళ్ళు ముట్టుకోకపోవటం అనాదిగా వస్తున్న ఆచారం, అది మా హక్కు అని దావా వేశారు. బాబాసాహెబ్ ఆ దావాలో ప్రతివాది. ఆ తగాదా పదేళ్ళు నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. చెరువు మునిసిపాలిటీది, మీరు చెప్పే అనాది ఆచారాన్ని మీరు రుజువు చెయ్యలేకపోయారు అని వాళ్ళ అప్పీలు కొట్టేసింది.

చూడండి, చెరువు దగ్గర నిలబడినవాళ్ళు వేలమంది. అది ధైర్యం. కానీ కోర్టులో నిలబడింది మూడు ప్రశ్నలు. చెరువు ఎవరిది? రికార్డు ఏం చెబుతుంది? ఆచారం అంటున్నారే, దానికి సాక్ష్యం ఏది? ఈ మూడు ప్రశ్నలు అడిగి జవాబు వెతకటమే లీగల్ రీసెర్చ్. ఇంగ్లీషు పేరు చూసి బెదిరిపోవద్దు.

మన నెల్లూరు జిల్లాకు అక్షరం ఏం చెయ్యగలదో ఎవరూ చెప్పనక్కర్లేదు. 1991లో అక్షరదీపం కార్యక్రమం వచ్చింది. పగలంతా కూలి చేసిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు దగ్గర కూచోని పలక పట్టారు. ఆ పుస్తకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉంది. సారా వల్ల కూలిపోయిన ఇల్లు కథ. ఆ పాఠం చదివి, ‘ఇది మన కథే గదా’ అనుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళ పోరాటం రాష్ట్రమంతా అంటుకుంది. సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. దాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. నేను చెప్పేదేమంటే, ఓనమాలు దిద్దిన చెయ్యి ఊరుకోలేదు. సంతకం నేర్చుకోవటంతో ఆగలేదు, సర్కారును అడిగింది. ఆ తల్లుల మనమలు, మనమరాళ్ళే ఈ ముందు వరసలో కూచోనున్నారు. వాళ్ళ చేతిలో ఇప్పుడు పలక లేదు, ఫోను ఉంది. ఆ ఫోనులో సినిమా పాటలు ఉన్నాయి, సుప్రీంకోర్టు తీర్పులూ ఉన్నాయి. రెండోది ఉందని వాళ్ళకు మనం చెప్పలేదు.

ఇప్పుడు పాఠంలోకి పోదాం. మొదటిది అట్రాసిటీ కేసు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో చేశారు. 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. దాని రూల్సు 1995లో వచ్చాయి. కారంచేడు 1985లో జరిగింది, చుండూరు 1991లో జరిగింది. ఈ చట్టం వెనక మన రక్తం ఉంది. కానీ మనవాళ్ళలో చాలామందికి ఆ చట్టం పేరు తెలుసు, లోపల ఏముందో తెలియదు. ఎదుటివాడికి, స్టేషనుకు మాత్రం బాగా తెలుసు.

పదో తరగతి పిల్లవాడు ఒక నోటుబుక్కులో రాసుకోదగిన విషయాలు చెబుతా. ఒకటి, ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. అది దయ కాదు, హక్కు. రెండు, ఈ కేసును డి.ఎస్.పి. హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలి. మూడు, 60 రోజుల్లో దర్యాప్తు ముగించి చార్జిషీటు వెయ్యాలి. నాలుగు, బాధితులకు సాయం 7 రోజుల్లో అందాలి. 2016లో సవరించిన రూల్సు ప్రకారం ఆ సాయం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల రూపాయల దాకా ఉంటుంది. కొంత ఎఫ్.ఐ.ఆర్. అయినప్పుడు, కొంత చార్జిషీటు వేసినప్పుడు, కొంత తీర్పు వచ్చినాక. అయిదు, 15-ఎ సెక్షను కింద బాధితులకూ సాక్షులకూ రక్షణ, కేసు ఎంతవరకు వచ్చిందో తెలుసుకునే హక్కు, కోర్టుకు పోయివచ్చే ఖర్చు ఇవన్నీ ఉన్నాయి. ఆరు, తన విధి చెయ్యకుండా నిర్లక్ష్యం చేసిన అధికారి మీద 4వ సెక్షను ఉంది.

ఇప్పుడు ఆ పిల్లవాడు చెయ్యాల్సిన పని ఏంది? వాడలో ఒక కేసు ఉందనుకోండి. నోటుబుక్కులో నిలువుగా రెండు గీతలు గీయాలి. మొదటి గడిలో చట్టం చెప్పిన తేదీ. రెండో గడిలో నిజంగా జరిగిన తేదీ. మూడో గడిలో ఎన్నాళ్ళు ఆలస్యం. ఎఫ్.ఐ.ఆర్. ఎప్పుడు, చార్జిషీటు ఎప్పుడు, సాయం ఎప్పుడు. అంతే. ఆ ఒక్క పేజీ చేతిలో ఉంటే మన నాయకులు కలెక్టరాఫీసుకు పోయి ‘అయ్యా, మాకు న్యాయం చెయ్యండి’ అని దండం పెట్టాల్సిన పని లేదు. ‘60 రోజులు దాటి ఇన్ని రోజులయింది, ఎందుకు?’ అని అడగొచ్చు. దండం పెట్టే చెయ్యికీ, కాగితం చూపించే చెయ్యికీ చాలా తేడా ఉంది.

ఈ కేసులను చూడటానికి కలెక్టరు అధ్యక్షతన జిల్లాలో ఒక నిఘా కమిటీ ఉండాలి, కనీసం 3 నెలలకు ఒకసారి కూచోవాలి. 17వ రూలు అది. ఈ ఏడాది ఎన్నిసార్లు కూచుంది? మన మండలం కేసు అందులో మాట్లాడారా? సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 2005 చట్టం అది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్ళకు ఎక్కడా ఫీజు లేదు. దరఖాస్తు మీద సంతకం పెద్దవాళ్ళు పెట్టండి. రాసేది పిలకాయలు రాస్తారు. ‘మాకు అన్యాయం జరిగింది’ అని రాస్తే జవాబు రాదు. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా జరిగిన సమావేశాల మినిట్సు కాపీలు ఇవ్వండి’ అని రాస్తే జవాబు ఇవ్వక తప్పదు. ఏం అడగాలో తెలిసి అడగటం కూడా చదువే.

రెండో పాఠం భూమి. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో మనకున్న నాలుగు కుంటలూ ఎక్కువ డీకేటీ పట్టాలే. పట్టా పెట్టెలో ఉంటుంది, భూమి ఇంకొకడి దున్నకంలో ఉంటుంది. తాత అప్పు తీసుకున్నాడు, కాగితం రాసిచ్చాడు, ఇప్పుడేం చేస్తాంలే అనుకుంటాం. 1977లో చేసిన అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం ఏం చెప్పింది? అట్టాంటి అమ్మకం చెల్లదు అంది. కొన్నవాడి దగ్గర నుంచి తిరిగి తీసుకుని, పట్టాదారుకో వారసులకో అప్పగించే దారి 4వ సెక్షనులో పెట్టింది. దళితుడికి ఇచ్చిన భూమిని అక్రమంగా ఆక్రమించి సాగు చేసుకోవటం అట్రాసిటీ చట్టం కింద కూడా నేరమే.

కానీ ఇక్కడే చదివేవాడు జాగ్రత్తగా ఉండాలి. 1977 చట్టం పాత పుస్తకం చూసి ఊరంతా చెబితే సరిపోదు. 2023లో ఆ చట్టాన్ని సవరించారు. ఇచ్చి 20 ఏళ్ళు దాటిన సాగుభూములను అసలు పట్టాదారులు, వాళ్ళ వారసులు అమ్ముకోవచ్చునన్నారు. 2024లో ప్రభుత్వం మారినాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలనకు పెట్టారు. అమ్ముకునే హక్కు వచ్చింది గదా అని సంబరపడే లోపలే మన భూమి మీద ఎవడి కన్ను పడిందో చూసుకోవాలి. చట్టం చదివినప్పుడు మొదటి ప్రశ్న, ‘ఇది తర్వాత మారిందా? ఈ రోజుకు ఏ ఉత్తర్వు ఉంది?’ ఈ ప్రశ్న అడగటం అలవాటయిన పిల్లవాణ్ణి ఏ దళారీ మోసం చెయ్యలేడు.

వెతికే వరస ఇట్టా ఉంటుంది. పట్టా మీద సర్వే నంబరు చూడు. మీభూమి వెబ్‌సైటులో అడంగల్, 1-బి తియ్యి. పేరు ఎవరిది, అనుభవదారు గడిలో ఎవరున్నారు రాసుకో. రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబరు బదులు ఎల్.పి.ఎం. నంబరు ఉంటుంది, రెండూ కలిపి చూడు. ఆ నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందా చూడు. పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పేరు బదులు చుక్కలు పెట్టి వదిలేసిన భూములు మన జిల్లాలో చాలా ఉన్నాయి. వాటికోసం 2017లో చట్టం చేశారు, 2023 మే నెలలో హక్కుల కాగితాలు పంచిన సభ జరిగింది మన జిల్లా కావలిలోనే. మన భూమి ఆ చుక్కల లెక్కలో ఉందో లేదో తెలియని కుటుంబాలు ఈ సభలోనే ఉంటాయి. ఈ పని అంతా ఒక ఫోను, ఒక మధ్యాహ్నం. ఇంటి పెద్ద తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగితే ఎన్ని కూలి దినాలు పోతాయో మీకే తెలుసు.

కోర్టు వాయిదా సంగతీ అంతే. ప్రతి కేసుకు 16 అక్షరాల, అంకెల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. ఇ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా ఎప్పుడు, పోయినసారి ఏం జరిగిందో కనపడుతుంది. వాయిదా తెలుసుకోవటానికి బస్సెక్కి, కూలి పోగొట్టుకుని, గుమాస్తాకు టీ డబ్బులిచ్చి, ‘మళ్ళీ రా’ అనిపించుకుని వచ్చే బాధ సగం తగ్గుతుంది.

మూడో పాఠం తీర్పులు. ఇది కొంచెం కష్టం, కానీ అసలు సిసలు రీసెర్చ్ ఇదే. సుప్రీంకోర్టు తీర్పులను 2023 జనవరి నుంచి ఇ-ఎస్.సి.ఆర్. పేరుతో ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకునేటట్టు పెట్టారు. కొన్ని తీర్పులు తెలుగులోకి కూడా తర్జుమా చేసి పెడుతున్నారు. 2008 నుంచి నడుస్తున్న ఇండియన్ కానూన్ వెబ్‌సైటులో కూడా చట్టాలు, తీర్పులు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ ఎక్కువ ఇంగ్లీషే. తెలుగు మీడియం పిల్లలకు భయం వేస్తుంది. మొదట్లో తీర్పు అంతా చదవక్కర్లేదు. నాలుగు విషయాలు పట్టుకో. తగాదా ఏంది? ఎవరు ఏమన్నారు? కోర్టు ఏం తేల్చింది? ఎందుకు అట్టా తేల్చింది? టీచరు సాయం తీసుకుని నెలకు ఒక తీర్పు ఇట్టా తెలుగులో ఒక పేజీ రాస్తే, ఇంటరు అయ్యేసరికి వాడికి ఇంగ్లీషూ వస్తుంది, న్యాయమూ వస్తుంది.

ఒక ఉదాహరణ. 2018 మార్చి 20న మహాజన్ కేసులో సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టానికి కళ్ళెం వేసింది. ఎఫ్.ఐ.ఆర్. కు ముందు ప్రాథమిక విచారణ అంది, అరెస్టుకు ముందు పై అనుమతి అంది. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు బంద్ చేశారు. ప్రాణాలు పోయాయి. అదే ఏడాది పార్లమెంటు 18-ఎ సెక్షను తెచ్చి, ముందస్తు విచారణా అక్కర్లేదు, అనుమతీ అక్కర్లేదు అంది. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఇప్పుడు ఒక పిల్లవాడు ఫోనులో వెతికి 2018 మార్చి తీర్పు ఒక్కటే పట్టుకొచ్చాడనుకోండి. స్టేషనులో ఎవరైనా ఆ తీర్పే చూపించి ‘ముందు విచారణ చెయ్యాలి’ అంటే ‘అవును గామోసు’ అని వెనక్కు వచ్చేస్తాం. తీర్పు దొరకగానే అది ఇంకా బతికుందా, తర్వాత దాన్ని ఎవరైనా మార్చారా అని చూడాలి. అట్టాగే 2024 జూలై 1 నుంచి క్రిమినల్ చట్టాల పేర్లు, నంబర్లు మారాయి. ఎఫ్.ఐ.ఆర్. గురించి పాత సి.ఆర్.పి.సి.లో 154వ సెక్షను, కొత్త బి.ఎన్.ఎస్.ఎస్.లో 173. స్టేషనులో తీసుకోకపోతే ఎస్.పి.కి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటుకు పోవచ్చునని అదే సెక్షనులో ఉంది.

ఇంకో ఉదాహరణ మనకు దగ్గరిది, కొంచెం నొప్పిది. వర్గీకరణ గురించి మన టీ బంకుల్లో అన్నదమ్ములు మాట్లాడుకోవటం మానేశారు. 2004లో చిన్నయ్య కేసులో అయిదుగురు జడ్జీలు మన రాష్ట్రపు వర్గీకరణ చట్టం చెల్లదన్నారు. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురిలో ఆరుగురు, రాష్ట్రాలు వర్గీకరణ చెయ్యొచ్చునన్నారు. ఒక జడ్జి కాదన్నారు. ఎవరు కరెక్టు అని నేను ఈ సభలో తీర్పు చెప్పను. మాల పిల్లవాడు, మాదిగ పిల్లవాడు ఒకే చాప మీద కూచోని ఆ రెండు తీర్పులూ చదవండి. ఆరుగురు ఏమన్నారో, కాదన్న ఒక్కరు ఏమన్నారో చదవండి. చదివినాక వాదించుకోండి. చదవకుండా తిట్టుకుంటే లాభం ఎవరికో మీకు తెలుసు.

కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. జరిగింది 1985లో. 23 ఏళ్ళు. చుండూరులో ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. అంత పెద్ద ఉద్యమాలు వెనక ఉన్న కేసులే ఇట్టా నడిస్తే, ఉద్యమం లేని మారుమూల వాడలో ఒంటరి కేసు ఏమవుతుంది? సాక్షి చెప్పిన టైము ఒకటి, కాగితంలో రాసిన టైము ఒకటి అయితే చాలు, అవతలి లాయరుకు పండగే. అందుకే మొదటి రోజు కాగితం ముఖ్యం. జనం వీధిలో ఉన్నప్పుడే ఎవరో ఒకరు నోటుబుక్కు పట్టుకోవాలి. బొజ్జా తారకంగారు అంత పెద్ద వకీలై ఉండి ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని మామూలు జనం కోసం తెలుగులో పుస్తకం ఎందుకు రాశారు? చట్టం వకీలు బీరువాలో ఉంటే మనకు పనికిరాదని ఆయనకు తెలుసు గనక.

ఫోనులో ఇంకో మాయ వచ్చింది. ప్రశ్న అడిగితే జవాబు రాసిపెట్టే కృత్రిమ మేధ. తెలుగులో అడిగినా చెబుతుంది. కష్టమైన ఇంగ్లీషు విడగొట్టుకోవటానికి వాడుకోండి. కానీ అది లేని తీర్పును ఉన్నట్టు పేరుతో, తేదీతో సహా చెబుతుంది. 2023లో న్యూయార్కులో లాయర్లే దాన్ని నమ్మి, లేని తీర్పులను కోర్టులో దాఖలు చేసి జరిమానా కట్టారు. అంత చదువుకున్నవాళ్ళే బోల్తా పడ్డారు. కాబట్టి అది చెప్పిన తీర్పును అసలు చోట కళ్ళారా చూడకుండా నోటుబుక్కులో ఎక్కించవద్దు.

ఇప్పుడు తల్లిదండ్రుల భయాలు. ‘పిలకాయల్ని కేసుల్లోకి లాగుతారా?’ అని అడుగుతారు. అడగాలి కూడా. పిల్లలు స్టేషనుకు పోరు. సాక్షులను విచారించరు. ఎవరి దగ్గరా సంతకాలు తీసుకోరు. ఆ పనులు పెద్దవాళ్ళవి, కార్యకర్తలవి. పిల్లలు చదువుతారు, వెతుకుతారు, రాస్తారు. ఆడపిల్లల మీద జరిగిన నేరాల కాగితాలు, పసిపిల్లల కేసులు వాళ్ళ చేతికి ఇవ్వం. బాధితురాలి పేరు బయటపెట్టటం చట్టం ప్రకారం నేరం. ఏ కేసు కాగితమూ వాట్సాపులో తిరగకూడదు. ఊళ్ళో బాధితుల ఇంటి పేరు చెప్పి గొప్పలు పోయేవాళ్ళు ఈ పనికి పనికిరారు.

‘చదువు పాడవుతుంది’ అంటారు. వారానికి ఒక్క ఆదివారం, రెండు గంటలు. పరీక్షల నెలల్లో సెలవు. సాంఘికశాస్త్రంలో రాజ్యాంగం పాఠం బట్టీ పట్టే పిల్లకు, అదే రాజ్యాంగం తన వాడలో ఎక్కడ ఆగిపోయిందో కనపడితే పాఠం ఇంకా బాగా గుర్తుంటుంది.

‘వకీళ్ళు ఉండగా పిలకాయలెందుకు?’ అంటారు. వకీలు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని న్యాయసేవల చట్టం 12వ సెక్షను చెబుతుంది. 15100కు ఫోను చెయ్యొచ్చు. కానీ వకీలు దగ్గరకు ఏడుపుతో పోతే ఆయన పని ఒక రకంగా ఉంటుంది. తేదీలు, కాగితాలు, సెక్షన్లు రాసిన పేజీతో పోతే ఇంకో రకంగా ఉంటుంది. పేజీ తెచ్చిన మనిషిని ‘చూద్దాంలే’ అని పంపించటం ఏ వకీలుకైనా కష్టం.

చెయ్యాల్సింది ఇది. ప్రతి వాడలో తొమ్మిది నుంచి ఇంటరు దాకా చదివే నలుగురు పిల్లలు. ఇద్దరు ఆడపిల్లలు తప్పనిసరి. ఇంట్లో ఫోను అన్న చేతిలోనే ఉంటుంది గదా, ఆ రెండు గంటలు చెల్లెలి చేతిలో ఉండాలి. ఒక టీచరో, డిగ్రీ చదివిన అన్నో, అక్కో తోడు. అంబేద్కర్ భవనం ఉంటే అక్కడ, లేకపోతే చర్చి వసారా, అదీ లేకపోతే చెట్టు కింద. మొదటి నెల ఎవరి పట్టా వాళ్ళు చూసుకోవటం. రెండో నెల సమాచార హక్కు దరఖాస్తు రాయటం. మూడో నెల అట్రాసిటీ చట్టం, రూల్సు. ఆ తర్వాత నెలకొక తీర్పు. ఉదయగిరి వైపు రాసింది ఆత్మకూరు వైపు పిల్లలు తప్పులు పట్టాలి, వీళ్ళు రాసింది వాళ్ళు పట్టాలి. బాగున్నవి ఈ పత్రికలో వేసుకుందాం. సర్టిఫికెట్టు మాత్రం ఇవ్వం. ఒక ముసలాయనకు తన భూమి కాగితం చదివి వినిపించిన రోజు ఆ పిల్లకు వచ్చే గౌరవం చాలు.

వీళ్ళలో అందరూ వకీళ్ళు కావాలని లేదు. కావాలనుకున్నవాళ్ళకు మాత్రం ఒక మాట. చదువయినాక బార్ కౌన్సిల్లో పేరు నమోదుకు రాష్ట్రాల్లో వేలకు వేలు గుంజేవాళ్ళు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు, చట్టంలో ఉన్నదానికి మించి వసూలు చెయ్యకూడదంది. మామూలువాళ్ళకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. గుర్తుపెట్టుకోండి, 125 రూపాయలు. ఇది కూడా ఒక తీర్పే. తెలిసినవాడు 125 కడతాడు. తెలియనివాడు అడిగినంత కడతాడు.

మన తాతలకు చట్టం అంటే జమీందారు మాట. మన అయ్యలకు చట్టం అంటే కరణం చేతిలోని దస్తరం. ఆ దస్తరం ఇప్పుడు ఫోనులో తెరిచి ఉంది. తెరిచిన పుస్తకం ముందు కూడా మనం చేతులు కట్టుకుని నిలబడితే దానికి వేరే ఎవర్నీ తిట్టలేం. ఈ సభ అయినాక పేర్లు రాసుకుంటారు. అమ్మలారా, మీ పిల్ల పేరు మీరే వచ్చి చెప్పండి. వచ్చే ఆదివారం పట్టా పెట్టెలోంచి తీసి, మడతలు విప్పి, పిల్ల చేతికివ్వండి.

జై భీమ్.